నలభై రెండు ముడులు

లెక్కలయ్యవారు పోయారన్న కార్డు పోయిన నెల బడికి వచ్చింది. ఆయన భార్య ఎవరిచేతనో రాయించినట్టున్నారు. నాలుగే వరుసలు. మూడు దినాలు జ్వరం, నాలుగో దినం పొద్దున పోయారు, ఫలానా రోజు కర్మ, మీరు తప్పక రావాలి. చావు కబురు తెచ్చిన కార్డును ఇంట్లో ఉంచకూడదు, చదివినచోటే చించి పారేయాలంటారు మా పక్క. నేను చించలేదు. హాజరుపట్టీలో దోపుకుని తరగతికి వెళ్లాను. ఆరోజు చెప్పాల్సిన పద్యం నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిందే. మొదటి పాదం చెప్పి రెండోది మరిచిపోయాను. పిల్లలు నవ్వలేదు, అదొకటి ఆశ్చర్యం.

ఆయనకు యాభై కూడా నిండలేదు. కమలాపురం మనిషి. ఏడేళ్ల కిందట పత్తికొండకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరి మిడిల్ స్కూలుకు బదిలీ మీద వచ్చారు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, చేతిలో ఖాళీ బుడ్డి పట్టుకుని బస్సు దిగి, నన్ను చూసి మొదట అడిగిన మాట, "ఏమప్పా, ఈడ తాగే నీళ్ల బావి యాడుండాది?" అని. బడి ఎక్కడ అని కాదు. నేను ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊరి బడిలోనే తెలుగు చెబుతున్నవాణ్ణి. బావి చూపించిన వాణ్ణి నేనే.

ఆయన లెక్కలు చెప్పే తీరు గురించి కొంచెం చెప్పాలి. పుస్తకంలోని లెక్కలంటే ఆయనకు పెద్ద గౌరవం ఉండేది కాదు. ఒక తొట్టికి రెండు గొట్టాలు, ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది అనే లెక్క వస్తే పుస్తకం మూసి, "మన ఊళ్లో గొట్టం చూసినోడు ఎవుడన్నా ఉంటే చెయ్యెత్తండప్పా" అనేవారు. ఎవరూ ఎత్తేవారు కాదు. "మరి చూడని దాన్ని ఎట్ల నింపుతారు?" అని, ఆ లెక్కనే పశువుల తొట్టి దగ్గరికి తీసుకుపోయేవారు. ఒకడు కడవతో పోస్తుంటే ఎద్దు తాగుతూ ఉంటుంది. ఎద్దు గెలుస్తుందా, కడవ గెలుస్తుందా? పిల్లల అరుపులతో బడి ఎగిరిపోయేది.

నూటికింత అన్నది చెప్పడానికి వేరుశనగ విత్తనాలు నూరు లెక్కబెట్టి, తడిపిన గోనెపట్టాలో చుట్టి, తరగతి మూలన పెట్టించారు. మూడోరోజు విప్పి మొలకెత్తినవి ఎన్నో లెక్కపెడితే అదే నూటికింత. మొదటిసారి విప్పినప్పుడు మొత్తం తొంభై ఒకటే ఉన్నాయి. తొమ్మిది ఎవరి కడుపులోనో మొలకెత్తాయి. ఆయన కోప్పడలేదు. "ఇది తీసివేత. ఇదీ లెక్కే" అని బోర్డు మీద రాశారు.

నిష్పత్తి చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. సంగటికి పిండి ఎంత, నీళ్లు ఎంత అని అడిగారు. మగపిల్లలంతా తినేవాళ్లే గాని వండేవాళ్లు కాదు, నోరు వెళ్లబెట్టారు. ఏడో తరగతిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల ఉరుకుందమ్మ లేచి, "దినామూ ఒకటే లెక్క ఉండదయ్యోరా. ఇంటికి సుట్టాలొస్తే మాయమ్మ నీళ్లే ఎక్కువ పోస్తాది" అంది. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆరోజు నుంచి ఆ పిల్లను తరగతికి ముందు కూర్చోబెట్టారు. వాళ్ల నాయన మా చేలో కూలి, రెండు ఎనుములు, ఎకరా చేను తప్ప ఏమీ లేనివాడు. ఆ పిల్లను బడి మాన్పిస్తానని మాటిమాటికీ అనేవాడు, ప్రతిసారీ ఈయన పోయి ఒప్పించి వచ్చేవారు.

ఇంత మంచి మనిషి మీద నాకు అసూయ ఉండేది. దాచుకోవడం దేనికి? ఆయన రాకముందు బడిలో నా గంట అంటేనే పిల్లలకు పండగ. ఆయన వచ్చాక, నా గంటలో కూడా కిటికీలోంచి బయటికి చూసి అడుగులు కొలిచేవాళ్లు తయారయ్యారు. దానికి తోడు ఒకరోజు నెల హాజరు సగటు తీయడంలో నేను తప్పు చేశాను. ఆయన పట్టీ చూసి పిల్లల ముందే, "పోనీలేప్పా, తెలుగయ్యవారికి లెక్కలతో ఏం పని?" అని నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదని అప్పుడూ తెలుసు. కానీ పిల్లలు కూడా నవ్వారు. మాట ముల్లులాంటిది, గుచ్చినవాడికి గుర్తుండదు.

మరుసటి ఏడు వానలు ఎత్తిపోయాయి. ఉగాది వచ్చేసరికి ఊళ్లో ఒక్క చేదబావిలో తప్ప నీళ్లు లేవు. అందులోనూ ఊట చచ్చిపోయింది, ఉన్న నీళ్లే నీళ్లు. ఎనభై ఇళ్ల ఊరు. లెక్కలయ్యవారు కిత్తనార తాడు ఒకటి పేనించి, బెత్తెడుకొక ముడి వేయించి, కొసకు రాయి కట్టి, ఏడో తరగతిని వెంటబెట్టుకుని బావి దగ్గరికి పోయారు. నడి బావిలోకి తాడు వదిలి, రాయి అడుగున తగిలాక పైకి లాగితే అరవై ముడులు తడిశాయి. మరునాడు యాభై తొమ్మిది. ఆ తర్వాత యాభై ఎనిమిది. ఊరు రోజూ తోడుకునే నీళ్లు సరిగ్గా ఒక ముడి. "తడి ముడులెన్నో అన్ని దినాలు" అని పిల్లలు పాటలాగా పాడుకుంటూ వీధుల్లో తిరిగారు. మొదటి రోజు నుంచి అరవై దినాలకు మృగశిర కార్తె వస్తుంది, వాన వస్తుంది. ఊరికి ప్రాణం లేచి వచ్చింది. ముడులు లెక్కబెట్టే పని ఉరుకుందమ్మకు ఇచ్చారు, ఎందుకంటే తాడు చేతిలో పట్టడం మగపిల్లలకు అలవాటు లేదు.

ఆ పిల్లే ఆ మధ్యాహ్నం బడి వసారాలో వక్కాకు వేసుకుంటున్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అయ్యోరా, అరవై దినాలకు నీళ్లుండాయంట!" అంది.

అది తప్పని నాకు తెలుసు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇంతకంటే పెద్ద కరువొకటి వచ్చి ఆ బావి పూర్తిగా ఎండింది. పూడిక తీయడానికి పెద్దవాళ్లు దిగి, తట్టలో బురద నింపి కట్టడానికి బరువు లేని పిల్లలను గంపల్లో దించారు. నన్నూ దించారు. ఆ బావి పైన నాలుగు బారల చదరం. కింద బండ తగిలాక తవ్వలేక, నడిమధ్య రెండు బారల చదరంగా ఒక గుంత మాత్రమే తవ్వి వదిలేశారు. ఆ గుంతలో నిలబడితే నా తల మీద ఇంకొక నన్ను నిలబెట్టినంత లోతు. అప్పుడు దిగిన పెద్దవాళ్లు చనిపోయారు, నాతో గంపలో దిగిన ఇద్దరు బళ్లారి పక్కకు పోయి అక్కడే ఉండిపోయారు. మా అమ్మ లాంటి ముసలమ్మలకు తెలిసుండొచ్చు గాని, వాళ్లను అడిగేవాళ్లెవరు? ఆ పిల్ల ముందు నా నోటి దాకా వచ్చింది, కింద ఇరుకు గుంత ఉందని. దాని వెనకే 'తెలుగయ్యవారికి లెక్కలతో ఏం పని' అన్న మాటా వచ్చింది. అంత లెక్కలొచ్చిన మనిషి ఆయనే తెలుసుకోనీలే అనుకుని, వక్కాకు నములుతూ ఊరుకున్నాను.

వారం తర్వాత ఊరి పెద్దలు రచ్చ మీద కూర్చున్నారు. ఊరి బయట మిరపతోట ఉన్న రైతు వచ్చి ఒక మాట చెప్పాడు. "ఇప్పుడే కావాలంటే చెప్పండి, నా తోట ఎండబెట్టుకుని నా బావి ఊరికి వదిలేస్తా. ఇంకొక నెల పోయినాక అడిగితే దాంట్లో ఏముంటాదో నాకే తెల్దు." అందరూ లెక్కలయ్యవారి వైపు చూశారు. ఆయన లేచి, "పచ్చని తోట ఎందుకప్పా ఎండబెట్టేది? పిల్లోళ్లు దినామూ చూస్తాండారు. దినానికొక ముడే పోతాంది. వానదాకా సరిపోతాది" అన్నారు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు చెబితే మొన్న ఎందుకు చెప్పలేదంటారే అని రెండోసారీ ఊరుకున్నాను. మొదటిసారి ఊరుకోవడం పౌరుషం అనుకుందాం. రెండోసారిది పిరికితనం.

బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చినా ఆయన కమలాపురం పోలేదు. పొద్దున్నే పిల్లలతో బావి దగ్గర ఉండేవారు. ముప్పై ఆరు దినాలు రోజుకొక ముడి చొప్పున లెక్క సరిగ్గా నడిచింది. ముప్పై ఎనిమిదో పొద్దున తాడు లాగి, ఉరుకుందమ్మ రెండుసార్లు లెక్కబెట్టి, "ఇరవై, అయ్యోరా" అంది.

"ఇరవై మూడు ఉండాలమ్మా. మళ్లీ బెట్టు."

"మూడుతూర్లు బెట్టినా అంతే అయ్యోరా. ఇరవైయ్యే."

ఆయన తాడు తీసుకుని తానే ఒక్కో ముడీ వేళ్లతో తడిమి చూశారు. మరునాడు పదహారు. ఆ మరునాడు పన్నెండు. రోజుకు నాలుగు ముడులు. నీళ్లు ఇరుకు గుంతలోకి దిగాయి. వెడల్పు సగమైతే చదరం నాలుగో వంతు అవుతుందని ఆయనే పిల్లలకు చెప్పిన లెక్క. నలభై రెండో దినానికి బురద మిగిలింది.

అప్పటికి మిరపతోట బావీ అడుగంటింది. రైతు మంచివాడే, చేతులు చాచి చూపించాడు. ఆడవాళ్లు రెండు క్రోసుల దూరంలో ఎండిన వంక ఇసుకలో చెలమలు తోడుకుని, ఒక్కో కడవకు గంటసేపు కాచుకుని తెచ్చేవారు. బావి గట్టు మీద ఊరంతా చేరిన రోజు ఎవరో ముసలాయన, "ఏం లెక్కప్పా నీది! సదువుకున్నోని మాట నమ్మితిమే!" అని కేక పెట్టాడు. పిల్లలు భయంతో ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. లెక్కలయ్యవారు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "పిల్లోళ్లను ఏమీ అనొద్దండి. వాళ్లు సరిగ్గానే బెట్టినారు. తప్పు నాది. బావి లోపల ఎట్లుండాదో చూడకుండా నేను చెప్పినా" అన్నారు. నేను జనం వెనక నుంచి తప్పుకుని చేని దారి పట్టాను.

ఆ సాయంత్రం ఆయన నడుముకు మోకు కట్టుకుని ఎండిన బావిలోకి దిగారు. పైకొచ్చినప్పుడు ఒళ్లంతా బురద. నేరుగా మా ఇంటికి వచ్చారు. నేను చేనికి పోయి ఉన్నాను. తిరిగొచ్చేసరికి మా అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మెల్లగా అడిగారు.

"అప్పా, నువ్వు ఈ ఊరోడివే గదా. ఈ బావి అడుగున గుంత ఉండేది నీకేమన్నా తెలుసునా?"

"తెల్దప్పా" అన్నాను.

ఆయన "సరేలే" అని, నీళ్లు తాగకుండా చెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

వాన మాత్రం ఆయన చెప్పినట్టే మృగశిరకు వచ్చింది. అంటే మధ్యలో తక్కువైంది పద్దెనిమిది దినాలే. ఆ పద్దెనిమిది దినాల్లోనే ఉరుకుందమ్మ వాళ్ల నాయన ఎనుములకు నీళ్లు లేక, వాటిని తోలుకుని, సంసారంతో తుంగభద్ర కాలవ పనులకు పోయాడు. బయల్దేరేటప్పుడు ఆ పిల్ల బడి దగ్గరికి వచ్చి, తాళం వేసి ఉండటం చూసి వెళ్లిపోయిందట. పొరుగువాళ్లు చెప్పారు. వాళ్లు మళ్లీ రాలేదు. లెక్కలయ్యవారు రెండుసార్లు ఆదోని దాకా పోయి వెతికారు. కాలవ వెంట గుడిసెలు వందలు, ఎక్కడని వెతుకుతారు? బడి తెరిచాక హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల పేరు ఉండాల్సిన చోట పట్టీ మీద వేలు ఆనించి ముందుకు పోయేవారు.

ఆయన పాఠం చెప్పే తీరు ఆ ఏడు మారింది. లెక్క ఇచ్చాక వెంటనే పలక పట్టనిచ్చేవారు కాదు. "ముందు పోయి తెలిసినోళ్లను అడిగి రండి. అడగనోని లెక్క, సరిపోయినా తప్పే" అనేవారు. చేనుకు ఎన్ని గంపల ఎరువు కావాలన్న లెక్కకు పిల్లలు నిజంగానే చేనికి పోయేవారు. మా అమ్మను కూడా ఒకరోజు తరగతికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. గింజలు కొలిచే తవ్వకూ మానికకూ తేడా, కొలతలో గోపురంలా పోస్తే ఎంత, అంచుకు తల కొట్టి పోస్తే ఎంత అని ఆమె చెప్పింది, పిల్లలు రాసుకున్నారు. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉండేవారు. "ఏమప్పా తెలుగయ్యవారూ, నీ పద్యంలో గణాలు సరిపోయినాయా?" అని పలకరించేవారు. నేను పుస్తకం తీసుకుని తరగతికి పోయేవాణ్ణి. రెండేళ్లకు కమలాపురానికి బదిలీ అయింది. బస్సు దగ్గరికి పోయి, ఇప్పుడైనా చెబుదామనుకుని, "పోయి రాండి" అని మాత్రం అన్నాను. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు కార్డు కొన్నానో! ఆ కార్డుల మీద చివరికి వేరేవాళ్లకు క్షేమసమాచారాలు రాశాను.

కర్మకు గుత్తిలో రైలెక్కి కమలాపురంలో దిగాను. చిన్న మిద్దె ఇల్లు. వసారాలో ఆయన పిల్లలు, ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు కలిసి కూర్చున్నారు, ఎవరు ఎవరో తెలియలేదు. తిరిగొచ్చే ముందు ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి, చిలక్కొయ్యకు తగిలించిన తాడు తీసి నా చేతిలో పెట్టారు. కిత్తనార తాడు. నలుపెక్కింది.

"ఇది మీకియ్యమన్నాడు. జొరంలో కూడా రెండుతూర్లు చెప్పినాడు."

"నాకెందుకు వదినమ్మా?"

"ఏమో, మీ ఊరి బావికి సరిపోయేటట్ల ముడులు మళ్లీ వేసినాడు. ఈడ గూడా పిల్లోళ్లకు దీంతోనే చెప్తాండె." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "మీయమ్మ చెప్పిందంట గదా, మీరు చిన్నప్పుడు ఆ బాయిలోకి దిగినారని. ఆ దినమే చెప్పిందంట. ఆయనెప్పుడూ అంటాండె, 'గుంత సంగతి తెలుగయ్యవారికి తెలుసు. నేను అడిగింటే చెప్పుండు. లెక్కలు రానోడని అడక్కపోతి. తప్పు నాదే' అని."

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నన్ను అడిగినప్పుడు ఆయనకు జవాబు తెలుసు. నేను చెప్పుకోవడానికి ఒక దారి తెరిచారు. నేను అబద్ధమాడితే, ఆ అబద్ధాన్ని కూడా తన తప్పులోనే కలుపుకుని ఐదేళ్లు మోశారు. రైల్లో తిరిగొస్తూ తాడు ఒళ్లో పెట్టుకుని ముడులు లెక్కబెట్టాను. నలభై రెండు. పైనవి ముప్పై ఆరు బెత్తెడుకొకటి. కిందివి ఆరు, నాలుగేసి బెత్తెల దూరంలో. ఏ ముడి దగ్గరైనా ఊరికి ఒక దినం నీళ్లే. తడి ముడులెన్నో అన్ని దినాలు, ఈసారి నిజంగా.

ఈ ఏడూ ఎండలు ముదిరాయి. నిన్న పొద్దున ఏడో తరగతిని తీసుకుని బావి దగ్గరికి పోయాను. తెలుగయ్యవారు తాడు పట్టుకోవడం చూసి నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. తాడు వదిలి లాగితే ఇరవై తొమ్మిది ముడులు తడిశాయి. ఒక పిల్ల కింది కొస పట్టుకుని చూసి, "అయ్యోరా, పై ముడులు దగ్గరదగ్గరగా ఉండాయి. ఇవి మాత్రం ఇంత దూరం దూరం ఎందుకుండాయి?" అని అడిగింది.

చెప్పాను. బావి గట్టు మీద కూర్చుని, గంపలో దిగిన కాడి నుంచి "తెల్దప్పా" అన్న కాడి దాకా, ఉరుకుందమ్మ పేరుతో సహా, అన్నీ చెప్పాను. ఆడవాళ్లు కడవలు దించి విన్నారు. ఒకామె, "ఆయప్ప ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు" అంది. అవునమ్మా అన్నాను.

తర్వాత తాడును బడికి తెచ్చి కిటికీ ఊచకు వేలాడదీశాను. పిల్లలు ఇరవై తొమ్మిది అని బోర్డు మీద రాసి ఇళ్లకు పోయారు. పై ముడులు అప్పుడే ఆరిపోయాయి. అన్నిటికన్నా కింది ముడి నుంచి మాత్రం ఒక్కో చుక్కా నేల మీద పడుతూనే ఉంది.